పేరు లేని మాత్రకు జవాబుదారీ ఎవరు?



గర్భిణులు టైలెనాల్ వేసుకోవద్దని, దానికీ పిల్లల్లో ఆటిజానికీ సంబంధం ఉందని 2025 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించాడు. టైలెనాల్ అంటే మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాలే. ఆ వార్త విని మన రింగ్ ఫ్రేము కార్మికురాలు ఒకామె యూనియన్ ఆఫీసుకు వచ్చింది. ఆమె కొడుక్కి నాలుగేళ్లు వచ్చినా మాటలు సరిగా రాలేదు. "అన్నా, కడుపుతో ఉన్నప్పుడు జ్వరానికి వేసుకున్న మాత్రే నా బిడ్డను ఇట్లా చేసిందా? మా అత్త అదే అంటోంది" అని ఏడ్చింది.

నేను డాక్టరును కాను. స్కూలు చదువుతో మిల్లులో చేరినవాణ్ణి. కానీ ఎవరేం చెప్పినా లెక్క చూపించమని అడగడం యూనియన్ నేర్పింది.

నూలు తెగుతుంటే తప్పు ఫ్రేముదా, దూదిదా అని ఎలా తేలుస్తాం? ఒకే మిక్సింగును రెండు ఫ్రేముల మీద నడిపి చూస్తాం. స్వీడన్ పరిశోధకులు అదే చేశారు. 1995 నుంచి 2019 వరకు పుట్టిన దాదాపు 24 లక్షల 80 వేల మంది పిల్లల వివరాలు తీశారు. మొత్తం మీద చూస్తే మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం కొద్దిగా ఎక్కువ కనిపించింది. ఒకే తల్లి బిడ్డల్ని, మాత్ర వేసుకున్న కాన్పునూ వేసుకోని కాన్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా పోయింది. 2024లో ఇది అచ్చయింది. ట్రంప్ మాట్లాడిన రెండు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, సంబంధం ఉందనడానికి గట్టి రుజువు లేదని చెప్పింది.

ఎదుటి పక్షం మాట దాచను. జాగ్రత్త అవసరమని 2021లో 91 మంది శాస్త్రవేత్తలు రాశారు. నిజమే, అవసరమైనప్పుడు, డాక్టరును అడిగి, తక్కువ మోతాదు, తక్కువ రోజులు. అయితే ఒళ్లు కాలిపోతున్నా ఓర్చుకోమనడం జాగ్రత్త కాదు. జ్వరాన్ని వదిలేస్తే తల్లికీ బిడ్డకీ హాని.

అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ మన తమిళనాడు బట్టల ఫ్యాక్టరీల్లో సుమారు 100 మంది స్త్రీలతో మాట్లాడి రాసింది: నెలసరి నొప్పి అంటే అక్కడ చేతిలో పెట్టేది పేరు లేని మాత్ర! డాక్టరు లేడు, చీటీ లేదు. సెలవిస్తే ఉత్పత్తి ఆగుతుంది, మాత్రిస్తే ఆగదు. ఆ మాత్ర పారాసిటమాలో, డైక్లోఫినాకో, ఐబుప్రొఫెనో ఎవరికి తెలుసు? చివరి రెండూ 20 వారాలు దాటిన గర్భిణికి ఇస్తే బిడ్డ మూత్రపిండాలకు ముప్పు అని 2020లో అమెరికా ఔషధ శాఖే హెచ్చరించింది.

తల్లిని నిలదీసే పెద్దలారా, పేరు లేని మాత్ర ఇచ్చినవాణ్ణి ఎందుకు నిలదీయరు? కాన్పు దగ్గరపడ్డ గర్భిణి వద్దంటే ఎక్కువసేపు నిలబెట్టి పని చేయించరాదని 1961 ప్రసూతి చట్టమే అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడులోనూ ఆ మాట ఉంది. కాగితం మీద ఉన్నది ఖాతాలోకి ఎప్పుడొస్తుంది?

అక్కచెల్లెళ్లారా! అట్ట మీద పేరు, తేదీ చూడకుండా ఏ మాత్రా మింగకండి. గర్భిణి అయితే ముందే చెప్పి, డాక్టరును అడగండి. పేరు లేని మాత్ర ఇస్తే మింగకుండా యూనియన్ ఆఫీసుకు తీసుకురండి.

ఆ తల్లికి నా జవాబు ఇదే: తప్పు నీది కాదమ్మా. తల ఎత్తుకుని పనికి రా, బిడ్డను మంచి డాక్టరుకు చూపిద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి