పెరటి మాటలు: గొయ్యి కాదు, దిబ్బ కావాలి



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెడతాను. ఆ తప్పు చేసింది నేనే.

మా తమ్ముడి కూతురు ఇంగ్లాండులో నర్సుగా పనిచేస్తోంది. 2021లో కరోనా రెండో విడతలో మా మరదలు చనిపోయింది. రాకపోకలు కట్టడి చేసిన రోజులవి. పిల్ల తల్లి కడసారి చూపుకు రాలేకపోయింది. ఇక్కడ వాళ్ళ పెరట్లో ఆ తల్లి నాటిన కొబ్బరిచెట్టు ఉంది. దాని గుర్తుగా తన ఇంటి ముందు కూడా ఒక చెట్టు ఉండాలని పిల్ల ఆశపడింది. కొబ్బరి ఆ చలికి బతకదు. ఒకరోజు ఫోన్ చేసి, "పెదనాన్నా, ఇక్కడ చలికి తట్టుకునే పామ్ మొక్కలు అమ్ముతున్నారు. ఆకు మన తాటాకులాగే విసనకర్రలా ఉంది. ఎలా నాటమంటారు?" అని అడిగింది.

నేను కొబ్బరి నాటిన చేతులతో పెరిగినవాణ్ణి. ఆలోచించకుండా చెప్పేశాను. "మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గొయ్యి తీయించమ్మా. అడుగున రెండు తట్టల ఎరువు వెయ్యి. మొక్కను నేలకంటే కాస్త దిగువగా పెట్టు, నీరు నిలబడుతుంది" అన్నాను. అక్టోబరులో ఆ ప్రకారమే నాటింది.

మార్చిలో మళ్ళీ ఫోన్ వచ్చింది. "మొవ్వు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది పెదనాన్నా. ఒకటే కుళ్ళు వాసన." చలికి పోయిందని సర్దిచెప్పబోయాను. "మా వీధి చివర ఒకరింట్లో ఇదే చెట్టు ఇరవై ఏళ్ళుగా ఉందట. దానికి మాత్రం చలి లేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చచ్చిన మొక్కను పెకలించి చూడమన్నాను. గోతి అడుగున మోచేతి లోతు నీళ్ళున్నాయట. అప్పుడు తెలిసింది, ఆ మొక్కను చంపింది చలి ఒక్కటే కాదు, నేను చెప్పిన గొయ్యి కూడా.

మన గొయ్యి మనకు ఎందుకు మంచిది?

తాటి, కొబ్బరి, ఈత, ఖర్జూరం, పోక, జీలుగ ఇవన్నీ ఒకే కుటుంబం చెట్లు. మన ఇసుక నేలల్లో కొబ్బరికి లోతుగా గొయ్యి తీస్తాం. అడుగున కొబ్బరి డొక్కలు పరుస్తాం. ఎందుకు? మండుటెండలో నీరు చప్పున ఇంకిపోకుండా వేళ్ళ దగ్గర కాస్త తడి నిలవాలని. అంటే మన గొయ్యి నీటిని పట్టి ఉంచే పాత్ర.

ఇంగ్లాండులో మా అమ్మాయి ఉన్న ఊరు నేల బంకమట్టి. చలికాలమంతా సన్నగా వాన కురుస్తూనే ఉంటుంది. ఎండ తక్కువ కనుక తడి ఆరదు. అటువంటి నేలలో గొయ్యి తీసి అందులో గుల్ల మట్టి, ఎరువు నింపితే చుట్టూ ఉన్న నేల నీరంతా ఆ గోతిలోకే ఊరుతుంది. గోడలు బంకమట్టి కాబట్టి బయటికి పోయే దారి లేదు. అది గొయ్యి కాదు, తొట్టి.

చలి కంటే తడి చెడ్డది

మా అమ్మాయి కొన్న మొక్క పేరు చుసాన్ పామ్. శాస్త్రజ్ఞులు ట్రాకీకార్పస్ ఫార్చునీ అంటారు. దీని పుట్టిల్లు చైనా. రాబర్ట్ ఫార్చూన్ అనే స్కాట్లాండు దేశస్థుడు చుసాన్ దీవిలో దీన్ని చూసి, 1849లో మొక్కలను ఇంగ్లాండుకు పంపించాడు. చైనా తేయాకు మొక్కలను మన హిమాలయ ప్రాంతాలకు చేర్చినవాడు కూడా ఆయనే. చుసాన్ పామ్ కాండానికి గోధుమరంగు పీచు కంబళిలా చుట్టుకొని ఉంటుంది. వేళ్ళు బాగా పట్టిన చెట్టు సున్నాకు దిగువన 10 డిగ్రీలను, మంచి చోట నాటితే 15 డిగ్రీల వరకు కూడా తట్టుకుంటుంది. కెనడాలోని వాంకూవర్ సముద్రతీరంలో కూడా ఈ చెట్లున్నాయి.

దీని దగ్గర చుట్టం ఒకటి మన దేశంలోనే ఉంది. కుమావూ కొండల్లో, పిథోరాగఢ్ ప్రాంతంలో, 2000 మీటర్ల ఎత్తున, మంచు కురిసే ఓక్ అడవుల్లో ట్రాకీకార్పస్ టాకిల్ అనే చెట్టు పెరుగుతుంది. అక్కడ చలీ ఉంది, తడీ ఉంది. కాని అది కొండవాలు. పడిన నీరు వేళ్ళను తాకి ముందుకు పోతుందే గాని ఆగిపోదు. చలిదేశంలో పామ్ నాటేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

నీరు నిలిస్తే జరిగేది ఇది. మట్టి రేణువుల మధ్య గాలి ఉండవలసిన చోట నీరు చేరి, వేళ్ళకు ఊపిరి ఆడదు. తడిసిన నేల వసంతంలో త్వరగా వేడెక్కదు కనుక వేళ్ళు ఆలస్యంగా కదులుతాయి. బలహీనపడిన మొక్కను శిలీంధ్రాలు పట్టుకుంటాయి. మామిడికో వేపకో కొమ్మ పోతే మరో కొమ్మ వస్తుంది. తాటిజాతికి అలా కాదు. చుసాన్ పామ్ వంటి ఒంటి కాండం చెట్టుకు ఉన్నది ఒక్కటే మొవ్వు. అది కుళ్ళితే చెట్టు లేదు. మన కొబ్బరికి వానాకాలంలో వచ్చే మొవ్వుకుళ్ళు తెగులు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ముందు నేలను అడగండి

రెండోసారి నాటే ముందు మా అమ్మాయి చేత చిన్న పరీక్ష చేయించాను. అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీయాలి. నిండా నీరు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. వెంటనే మళ్ళీ నింపి, ఒక కర్రముక్క నిలబెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో గుర్తు పెట్టాలి. గంటకు 1 నుంచి 3 అంగుళాలు దిగితే మంచి నేల. అంగుళం కూడా దిగకపోతే ఆ నేలలో గొయ్యి తీసి నాటకూడదు. మా అమ్మాయి పెట్టిన గుర్తు గంట తరువాత కూడా ఇంచుమించు అక్కడే ఉంది!

అడుగున రాళ్ళు వేస్తే సరిపోదా?

ఈ మాట అందరూ అంటారు. నేనూ ఎన్నో ఏళ్ళు అన్నాను. గోతి అడుగున గులకరాళ్ళో పెంకులో పరిస్తే నీరు దిగిపోతుందని నమ్మకం. అది నిజం కాదు. సన్నని మట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్ళు తగిలినప్పుడు, పై మట్టి పూర్తిగా నానేదాకా నీటిని కిందికి వదలదు. కావాలంటే వంటింట్లో చూడండి. గిన్నెలు తోమే స్పాంజిని నీటిలో ముంచి, పిండకుండా గులకరాళ్ళ మీద పడుకోబెట్టండి. కాసేపు కారి ఆగుతుంది. తరువాత దాన్నే నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీరు కారుతుంది. రాళ్ళు చేయలేని పని ఎత్తు చేసింది. అడుగున రాళ్ళు పోస్తే వేళ్ళకు మిగిలే మట్టి లోతు తగ్గి, ఆ తడి మరింత పైకి వస్తుంది. అందుకే గోతిలో రాళ్ళు కాదు, నేలపైన ఎత్తు కావాలి.

దిబ్బ కట్టే పద్ధతి

మొదట ఆరడుగుల వెడల్పు చోటును పారతో అడుగు లోతు వరకు గుల్ల చేయాలి. నేల నానిపోయి ఉన్నప్పుడు ఆ పని చేయకూడదు. తడి బంకమట్టిని తొక్కితే ఇటుకలా బిగుసుకుంటుంది.

తరువాత మట్టి కలపాలి. రెండు తట్టల సొంత మట్టికి ఒక తట్ట బఠాణీ గింజంత సన్నకంకర, అర తట్ట బాగా చివికిన ఆకు ఎరువు చాలు. బంకమట్టిలో గుప్పెడు సన్న ఇసుక చల్లితే లాభం లేదు, పైగా మరింత గట్టిపడుతుంది. కలిపితే ముతకది, అదీ తట్టల లెక్కన కలపాలి. ఎరువు ఎక్కువ వేయకండి. వేళ్ళ కింద పోసిన ఎరువు చివికే కొద్దీ కుంగుతుంది. దానితోపాటు చెట్టూ కుంగి, మళ్ళీ గోతిలోకే దిగుతుంది. నా రెండు తట్టల ఎరువు చేసిన పని అదే.

ఈ మట్టిని అడుగు నుంచి అడుగున్నర ఎత్తు దిబ్బగా పోసి, అన్నివైపులా మెల్లగా వాలు తీయాలి. మొక్క వేళ్ళగడ్డ ఎంత లోతో అంతే లోతు, దానికి రెండింతల వెడల్పు చోటు దిబ్బపైన తీసి మొక్కను పెట్టాలి. కుండీలో మొదలు ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతవరకే ఉండాలి. మట్టి సర్దుకుంటుంది కాబట్టి అంగుళం ఎత్తుగా పెట్టినా తప్పులేదు. దిగువగా మాత్రం వద్దు.

దిబ్బ నుంచి జారిన నీరు పాదు చుట్టూ నిలిస్తే పడిన కష్టం వృథా. వాలు ఉన్న వైపుకు చిన్న బోదె తీయాలి. వంద అడుగులకు ఒక అడుగు వాలు చాలు. పూడిపోకుండా అందులో కంకర నింపవచ్చు. గోతి అడుగున పనికిరాని కంకర ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ నీరు బయటికి పోయే దారి ఉంది. ఆ నీరు పొరుగువారి పునాదుల్లోకి పోకుండా చూసుకోవడం మన బాధ్యత.

ఎప్పుడు నాటాలి?

తాటిజాతి వేళ్ళు వెచ్చని మట్టిలోనే ఎదుగుతాయి. ఇంగ్లాండులో ఏప్రిల్ చివర నుంచి జూన్ వరకు నాటితే చలి వచ్చేలోగా వేళ్ళు పట్టుకుంటాయి. మేము అక్టోబరులో నాటడం మరో పొరపాటు. మొక్క కొత్త నేలను తెలుసుకోకముందే చలి వచ్చిపడింది.

చోటు కూడా చూసుకోవాలి. దక్షిణం వైపు ఎండ తగిలే గోడ దగ్గర, ఈదురుగాలి తక్కువ ఉన్న చోట మంచిది. చూరునీళ్ళు పడేచోట వద్దు. దిబ్బపైన మూడంగుళాల మందాన చెక్కపొట్టో ఎండాకో కప్పి, మొదలు చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ వదలాలి. గట్టి చలి వచ్చినప్పుడు ఆకులను పైకి చేర్చి వదులుగా కట్టి, గాలి ఆడే పల్చని బట్ట చుట్టవచ్చు. ప్లాస్టిక్ సంచి బిగించి వదిలేస్తే లోపల చెమ్మ పట్టి మొవ్వు కుళ్ళుతుంది. చలి తగ్గగానే విప్పేయాలి.

దిబ్బకు ఒక ఇబ్బంది ఉంది. వేసవిలో త్వరగా ఆరిపోతుంది. మొదటి రెండు వేసవులూ వారానికి ఒకటి రెండుసార్లు నిదానంగా, లోతుగా నీరు పెట్టాలి. నీరు నిలవకూడదంటే నీరే వద్దని కాదు.

మన పెరట్లో

ఇదంతా దూరదేశం సంగతి అనుకోకండి. నల్లరేగడిలో, వరిచేల పక్కన పల్లపు దొడ్లలో కొబ్బరిమొక్కలు పసుపుబారి చనిపోతుంటే చాలామంది తెగులనుకొని మందులు కొడుతున్నారు. ముందు ఆ అడుగు లోతు గొయ్యి తీసి నీరు పోసి చూడండి. ఊటనీరు పైకి ఉండే పల్లపు నేలల్లో కొబ్బరిని కూడా మట్టి ఎత్తు పోసి నాటాలి. కోనసీమలో మన పెద్దలు వరిచేల గట్ల మీద కొబ్బరి నాటింది చోటు కలిసొస్తుందనే కాదు, గట్టు మీద వేరు మునగదని కూడా.

మా అమ్మాయి 2022 మే నెలలో రెండో మొక్కను దిబ్బపైన నాటింది. ఆ జూలైలో ఇంగ్లాండులో ఎన్నడూ లేనట్టు ఎండ 40 డిగ్రీలు దాటింది. డ్యూటీ దిగి వచ్చి సాయంత్రాలు నీళ్ళు పోసింది. డిసెంబరులో రోజుల తరబడి గడ్డకట్టే చలి. నేను ఇక్కడ రోజూ భయపడుతూనే ఉన్నాను. ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "పెదనాన్నా, మొవ్వు లాగి చూశాను. గట్టిగా ఉంది, రాలేదు. కొత్త ఆకు విప్పుకుంటోంది" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అమ్మ చెట్టు ఎలా ఉంది?" అని అడిగింది. గెల వేసిందని చెప్పాను.

పాఠకులారా, మనకు మేలు చేసిన పద్ధతి మరొక నేలలో కూడా మేలే చేస్తుందని అనుకోవద్దు. పిల్లలు దూరం నుంచి ఫోన్ చేసి అడిగినప్పుడు సలహా చెప్పే ముందు, "అక్కడి నేల ఎలా ఉందమ్మా?" అని ఒక్కమాట అడగండి. నేను ఆ మాట అడగనందుకు ఒక మొక్క పోయింది.

వచ్చే నెల వానాకాలానికి ముందు పెరటి బోదెలు, పాదులు సరిచేసుకోవడం గురించి మాట్లాడుకుందాం.