గుస్సాడీ టోపీ లేకుండానే మన పాట తీద్దాం



మా హాస్టల్‌లో ఐదుగురం కలిసి ఒక పాట కట్టుకున్నం, దానికి వీడియో తీద్దామనుకుంటున్నం అని పోయిన వారం ఇక్కడ చిన్న మెసేజ్ పెట్టినం. దాని కింద చాలామంది సలహాలు రాసిన్రు, సంతోషం. అందులో అందరికీ నచ్చింది ఒక్కటే. "మీరు గిటార్ కొడుతుంటే వెనక నుంచి పది మంది గుస్సాడీలు నెమలి ఈకల టోపీలతో దిగాలె, వీడియో ఎక్కడికో పోతది" అని. లైకులన్నీ దానికే. నిజం చెప్పాలంటే మాకు కూడా మొదట అదే కనిపించింది. రెండు రాత్రులు కొట్లాడుకున్నం. చివరికి వద్దనుకున్నం. ఎందుకు వద్దనుకున్నమో చెప్పకపోతే మీ మాట లెక్కచేయలేదనుకుంటరు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

ముందు పాట సంగతి. పాప్ పంక్ అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో 1976లో రామోన్స్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చింది. మూడు నాలుగు కార్డ్స్, గుర్రం ఉరికినట్టు డ్రమ్స్, రెండు రెండున్నర నిమిషాల్లో పాట ఖతం. దాని నుంచే తర్వాత 1994లో గ్రీన్ డే వాళ్ల 'డూకీ', బ్లింక్ 182 పాటలు వచ్చినయి. కోపం ఉంటది, కానీ నవ్వుకుంటూ పాడే కోపం. పెద్ద సంగీతం నేర్చుకోనక్కర్లేదు. మాకు నచ్చింది అదే. మా దగ్గర ఉన్నది ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్, దాన్ని ఫోన్‌కు కలిపే ఒక కేబుల్. ఆ గరగర సౌండ్ ఫోన్ యాప్‌లోనే వస్తది.

పాట దేని గురించంటే, డిగ్రీ కాలేజీలో చేరిన మొదటి వారం మా ఐదుగురినీ వేరువేరు మనుషులు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న గురించి. "నువ్వు ట్రైబల్‌లా లేవే?" మాలో నలుగురం గోండులం, ఒకడు కోలాం. ఐదుగురినీ అదే అడిగిన్రు. ఎట్ల ఉండాలె మరి? జీన్స్ వేసుకుంటే లేనట్టా, ఇంగ్లిష్ సెమినార్ ఇస్తే లేనట్టా? మొదట్ల సిగ్గేసేది, తర్వాత కోపం వచ్చేది, ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వులోంచే పాట పుట్టింది.

ఇప్పుడు చెప్పండి. ఆ ప్రశ్న మీద కట్టిన పాటకు మేమే నెమలి ఈకల టోపీ పెట్టుకొని దిగితే, అడిగినోళ్లకు వాళ్లకు కావాల్సిన జవాబే ఇచ్చినట్టు కాదా? "ఆ, ఇప్పుడు ఉన్నవ్ ట్రైబల్‌లా" అంటరు.

ఇంకో సంగతి అంతకంటే పెద్దది. గుస్సాడీ డ్రెస్ కాదు. మనందరికీ తెలిసిందే అయినా అన్ని జిల్లాల వాళ్లు ఉన్నరు కాబట్టి రాస్తున్నం. దీపావళి ముందు దండారీ మొదలయ్యేటప్పుడు టోపీలకు, వాయిద్యాలకు పూజ చేస్తరు. గుస్సాడీ వేషం కట్టిన మనిషి మీదికి దేవుడు వస్తడని మన నమ్మకం. పండుగ ముగిసే దాకా ఒంటి మీది బూడిద కడుక్కోడు, స్నానం చేయడు. ఒక ఊరి దండారీ ఇంకో ఊరికి చుట్టంలా పోతది, ఆ ఊరు అన్నం పెడతది. పండుగ అయినంక టోపీ మళ్లీ పైన భద్రంగా పోతది. దాన్ని ఏ ఎండాకాలంలోనో కిందికి దించి, హాస్టల్ వెనక గ్రౌండ్‌లో "కట్, మళ్లీ ఒకసారి" అంటూ ఆరు టేకులు తీద్దామా? మాలో ఒకడి తాత దండారీలో తుడుం కొట్టేటోడు. ఫోన్‌లో అడిగితే ఆయన తిట్టలేదు. "దీపావళికి ఇంటికి రా, నువ్వే కట్టుకుందువు" అన్నడు, అంతే. ఆ తర్వాత మాకు వాదించుకోవడానికి పెద్దగా ఏం మిగల్లేదు.

2020 అక్టోబర్ గుర్తు తెచ్చుకోండి. 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో కొమరం భీమ్‌కు టోపీ, సుర్మా పెట్టి చూపిస్తే మనమంతా ఎంత మండిపడ్డం! మన పెద్ద మనిషిని మీకు నచ్చినట్టు ఎట్ల చూపిస్తరు అన్నం. (సినిమా వచ్చినంక అది మారువేషం అని తెలిసింది, ఆ ముచ్చట వేరు.) బయటోళ్లు చేస్తే తప్పయినది, వ్యూస్ కోసం మనం చేసుకుంటే ఒప్పు ఎట్లయితది?

దీనికి ఒక అన్న గట్టి జవాబే ఇచ్చిండు. "మరి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకపోయిన్రు కదా? 2021లో పద్మశ్రీ వచ్చింది దానికే కదా?" అని. ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆగినం. నిజమే, మార్లవాయి నుంచి ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా పోయిన మనిషి ఆయన. కానీ ఆయన అక్కడ చూపించింది గుస్సాడీనే. ఇంకో పాటకు వెనక బొమ్మలా పెట్టలేదు. జీవితమంతా ఆడి, పిల్లలకు నేర్పిన మనిషి చేసిన పనికీ, ఒక్కరోజు అద్దెకు తెచ్చి చేసే పనికీ తేడా ఉందని మా అభిప్రాయం. అయినా స్టేజీల మీద ఆడించడం ఎంతవరకు సరి అనే దాంట్లో మా ఐదుగురికే ఒక్క మాట లేదు. అది ఇంకో పోస్టు.

"ఇంగ్లిష్ వాళ్ల మ్యూజిక్ పెట్టి, మన సంస్కృతిని దాచిపెడుతున్నరు" అన్నోళ్లకు ఒక్కటే మాట. రెండో చరణం మొత్తం గోండిలో ఉంది. కింద తెలుగు కూడా వేయం. క్లాస్‌లో అర్థం కాక కూర్చున్నది ఎప్పుడూ మనమే కదా, ఒక్క చరణం వాళ్లు కూర్చోనియ్యండి.

ఇగ వీడియోలో ఏముంటది? బ్లింక్ 182 వాళ్లు 'ఆల్ ద స్మాల్ థింగ్స్' వీడియోలో అప్పట్లో టీవీ నిండా ఉన్న బాయ్ బ్యాండ్లను, వాళ్ల తెల్ల బట్టలను, ఒకేలాగ వేసే స్టెప్పులను అచ్చం దింపి వెక్కిరించిన్రు. మేము కూడా ఒక వేషాన్నే వెక్కిరిద్దామనుకున్నం. అది మన వేషం కాదు, మనతో వేయించే వేషం. చీఫ్ గెస్ట్ వస్తున్నడని పొద్దున ఎనిమిదింటికే పిల్లల్ని డ్యాన్స్ డ్రెస్‌లో ఎండలో నిలబెడతరు, ఆయన పన్నెండింటికి వస్తడు. మనలో ఎంతమంది నిలబడలేదు అట్ల? మా వీడియోలో ఖాళీ కుర్చీ, దానికి దండ, మైకులో "మరికొద్ది సేపట్లో". పల్లవి రాగానే పిల్లలు లైను వదిలి బకెట్లు, మెస్ ప్లేట్లు పట్టుకొని డ్రమ్స్ మొదలుపెడతరు. కుర్చీ చివరిదాకా ఖాళీగనే ఉంటది.

అంతా ఫోన్‌తోనే. ఒక ఉపాయం దొరికింది: పాటను స్పీకర్‌లో రెండింతల స్పీడులో పెట్టి, దానితో పాటే పాడుతూ సెకనుకు 60 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్‌లో సగానికి తగ్గిస్తే నోరు పాటకు సరిపోతది, మిగతాదంతా స్లో మోషన్‌లో కదులుతది. కాకపోతే మా పాట ముందే ఉరుకుతది, రెండింతలు చేస్తే నాలుక మడత పడుతుంది. అందుకే ఒక్క చివరి పల్లవికే అది. చేతిలో 2,300 రూపాయలున్నయి, సగం పిల్లల టిఫిన్లకే పోతది. వార్డెన్ సార్ ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంట దాకా గ్రౌండ్ ఇచ్చిన్రు. కోరస్ పాడే ఇద్దరు అక్కలు, తాము చూసి సరే అన్నంకనే వీడియో బయటికి పోవాలన్నరు. ఒప్పుకున్నం, అందరికీ అదే రూల్ పెట్టినం.

మాకు ఇంకా పదిహేను మంది కావాలె. వచ్చేటోళ్లు కింద పేరు రాయండి. ఆదివారం పొద్దున ఏడింటికి, మామూలు బట్టల్లోనే. మెస్‌లో ప్లేట్లు సొట్టలు పడితే మా మీద పడతరు, కాబట్టి కొట్టుకోవడానికి ఎవరి ప్లేటు వాళ్లే తెచ్చుకోండి.