సిగ్నల్ గీతలు కాదు, నెట్ వేగం చూడండి: పత్తి అమ్మకానికి ముందే పరీక్షించుకోండి

కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల పత్తి రైతులకు ఫోన్‌లో నెట్ సరిగా రావడం ఇప్పుడు అమ్మకానికి సంబంధించిన విషయం. మద్దతు ధరకు పత్తి అమ్మేవారు ముందుగా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై స్లాట్ బుక్ చేసుకునే పద్ధతిని సీసీఐ 2025-26 సీజన్ నుంచి తెచ్చింది. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. స్లాట్ దొరకకపోతే బయటి వ్యాపారి చెప్పిన ధరకే ఇవ్వాల్సి వస్తుంది.

గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

గీతలు సిగ్నల్ బలాన్ని మాత్రమే చెబుతాయి. టవర్ సామర్థ్యాన్ని దాని పరిధిలోని ఫోన్లన్నీ పంచుకుంటాయి. ఒకే బోరు నీళ్లు పది మడులకు మళ్లిస్తే ఒక్కో మడికి ఎంత అందుతుందో ఇదీ అంతే. అందుకే రాత్రి అందరూ వీడియోలు చూసే వేళ వేగం పడిపోతుంది.

కేంద్ర టెలికాం శాఖ 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 2 ఎంబీపీఎస్‌గా నిర్ణయించింది. అయితే ఫోటోలు, పత్రాలు పంపడానికి కావాల్సింది అప్‌లోడ్ వేగం. 3 ఎంబీ ఫోటో పంపడానికి అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉంటే 12 సెకన్లు, అర ఎంబీపీఎస్ ఉంటే 48 సెకన్లు పడుతుంది. రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు తగ్గుతుంది. అప్పుడు అదే ఫోటోకు 6 నిమిషాలకు పైనే పడుతుంది, ఈలోగా యాప్ ఆగిపోవచ్చు.

ఎలా కొలవాలి?

• టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి ‘మై స్పీడ్’ యాప్ ఉచితం. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ చూపిస్తుంది.
• వైఫై ఆపండి. మిగతా యాప్‌లు మూసేయండి. ఆ రోజు డేటా మిగిలి ఉందో లేదో చూసుకోండి. పరీక్షకూ కొంత డేటా ఖర్చవుతుంది.
• ఇంట్లో, పొలంలో విడివిడిగా కొలవండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు రోజుల పాటు చూసి, తేదీ, సమయంతో రాసుకోండి. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మవద్దు.
• ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు. ఓటీపీయే రాకపోతే ముందు సిగ్నల్ ఉందో లేదో చూడండి.

ఫలితం చూసి ఏం చేయాలి?

తెల్లవారుజామున వేగం బాగుండి రాత్రి పడిపోతే, రద్దీ కారణం కావచ్చు. యాప్ పనులు ఉదయమే ముగించండి. ఎప్పుడు చూసినా తక్కువే ఉంటే, ఇరుగుపొరుగు రైతుల దగ్గరున్న వేరే కంపెనీ సిమ్‌తో అదే చోట కొలవండి. బీఎస్ఎన్ఎల్ సొంత 4జీ సేవలు 2025 సెప్టెంబర్ 27న 97,500కు పైగా టవర్లతో ప్రారంభమయ్యాయి. గతంలో ఆ సిమ్ వదిలేసినవారు మళ్లీ పరీక్షించి చూడవచ్చు. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు ఏ ఊరికి ఏ సేవ అందుతోందో తమ వెబ్‌సైట్లలో మ్యాపులు పెట్టాలి. అదీ చూడండి.

ఫిర్యాదుకు 198కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయవచ్చు. మీరు రాసుకున్న అంకెలు అక్కడ పనికొస్తాయి. కంపెనీ మారాలనుకుంటే ‘పోర్ట్’ అని ఇంగ్లీషులో టైప్ చేసి, పక్కన మీ నంబరు రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపండి. నంబరు మారదు.

ఈ పరీక్ష పత్తి తీతకు ముందే చేసుకోండి. స్లాట్ల సమయంలో సిమ్ మార్చడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.