పాప బరువుకు డ్యాష్‌బోర్డు ఎందుకప్పా?

మా టీమ్‌లో ఒకడు ఈ మధ్యే తండ్రయ్యాడు. స్వీట్లు పంచిన మూడో రోజే నా సీటు దగ్గరికొచ్చి ఫోన్‌లో ఒక యాప్ చూపించాడు. పాప ఎప్పుడు పాలు తాగింది, ఎన్ని నిమిషాలు తాగింది, ఎన్ని గ్రాములు పెరిగింది... అన్నిటికీ గ్రాఫులు. "భలే ఉంది కదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, నా మీదే. ఆరు నెలల కిందట నేనూ ఇదే పని చేశాను, కాకపోతే ఎక్సెల్‌లో. దాని ఖరీదు మా పాపకు 11 రోజుల డబ్బా పాలు, మా ఆవిడకు కొన్ని రాత్రుల ఏడుపు. అందుకే ఈ టపా. నేను డాక్టర్ని కాదు, కాబట్టి వైద్యం చెప్పను. నేను చేసిన తప్పు చెప్తా, అంతే.

మాది ప్రొద్దుటూరు. చదివింది పులివెందుల జేఎన్‌టీయూలో. ఉద్యోగం బెంగళూరు. అత్తగారిది జమ్మలమడుగు. పాప పుట్టినప్పుడు 3.1 కిలోలు. నెలకి 4.6, రెండో నెలకి 5.8, మూడో నెలకి 6.6. అచ్చంగా తల్లిపాలే. జమ్మలమడుగులో చూసినోళ్ళంతా "బిడ్డ బొద్దుగా ఉండాది, దిష్టి తీయండప్పా" అనేవాళ్ళు. మా అత్త రోజూ సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసేది. నేనేమో ఎక్సెల్‌లో గీత పైకి పోతుంటే మురిసిపోయేవాణ్ణి.

మూడు నెలలు దాటాక బెంగళూరు తీసుకొచ్చాం. టీకాకి పోతే అక్కడి క్లినిక్‌లో "ఏంటి, ఇంత వేగంగా పెరుగుతోంది? ఫీడ్‌కీ ఫీడ్‌కీ మధ్య గ్యాప్ పెంచండి, మధ్యలో నీళ్ళు పట్టండి" అన్నారు. మురిపెం పోయి భయం పట్టుకుంది. ఇప్పుడే ఇంత లావైతే రేపు షుగర్ వస్తుందేమో! పాప ఏడిస్తే గడియారం చూడటం మొదలెట్టాం. "ఇంకా రెండు గంటలు కాలేదు" అని నేను, "అది గడియారం చూసి ఏడుస్తుందా?" అని మా ఆవిడ.

నాలుగో నెలలో పెరిగింది అరకిలో మాత్రమే. 7.1. మొదటి నెలలో ఒకటిన్నర కిలో పెరిగిన పిల్ల ఇప్పుడు అరకిలోనా? సెల్ ఎర్రబడింది (ఆ కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టింది కూడా నేనే). అప్పుడే పండక్కి ఊరికి పోయాం. చూసినోళ్ళంతా "బిడ్డ చిక్కిపోయిందే! పాలు చాలడం ల్యాదేమో, పల్చగా వస్తాండాయేమో" అన్నారు. ప్రొద్దుటూరులో ఒక క్లినిక్‌కి తీసకపోతే రెండు నిమిషాలు చూసి, చీటీ మీద డబ్బా పాల పేరు రాసిచ్చారు. రాత్రి తొమ్మిదింటికి బండేసుకుని పోయి ఆ డబ్బా కొనుక్కొచ్చింది నేనే. మా ఆవిడ ఏమీ అనలేదు. పక్కకి తిరిగి పడుకుంది.

చూశారా? నెల కిందట "ఎక్కువ పెరుగుతోంది, తగ్గించు". ఇప్పుడు "తక్కువ పెరుగుతోంది, డబ్బా పట్టు". పాప అదే, పాలు అవే. రెండుసార్లూ దోషిగా నిలబడింది మాత్రం తల్లే.

ఇప్పుడు నా లెక్కలో ఉన్న బగ్గు చెప్తా. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లోడు కూడా చేయకూడని తప్పు. మొదటి మూడు నెలల్లో 3.5 కిలోలు పెరిగింది కదా అని నేను మనసులో ఒక సరళరేఖ గీసేసుకున్నాను. ఆ లెక్కన పోతే ఏడాదికి పాప బరువెంతో తెలుసా? 17 కిలోలు! అది నాలుగైదేళ్ళ పిల్ల బరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఏడాది ఆడపిల్ల మధ్యస్థ బరువు 8.9 కిలోలు. పుట్టినప్పుడు 3.2, మూడు నెలలకి 5.8, ఆరు నెలలకి 7.3, తొమ్మిది నెలలకి 8.2. అంటే మొదటి మూడు నెలల్లో 2.6 కిలోలు పెరిగే పిల్ల, చివరి మూడు నెలల్లో పెరిగేది 700 గ్రాములే. గీత వంగడమే ఆరోగ్యం. వంగకపోతేనే ఆలోచించాలి. నేను దాన్ని ప్రొడక్షన్ ఇష్యూ అనుకుని రాత్రికి రాత్రి హాట్‌ఫిక్స్ వేశా.

ఈ చార్టుకి ఒక కథ ఉంది, మనందరం తెలుసుకోవాల్సింది. ఇప్పటి చార్టు రాకముందు ప్రపంచమంతా వాడింది 1977లో అమెరికాలో తయారైన చార్టు. అందులో చంటిపిల్లల లెక్కలు ఓహైయో రాష్ట్రంలో 1929 నుంచి 1975 దాకా కొలిచిన పిల్లలవి. వాళ్ళలో ఎక్కువమంది సీసాపాలు తాగినవాళ్ళే. తల్లిపాలు తాగే పిల్లలు మొదటి రెండు మూడు నెలలు జోరుగా పెరిగి, తర్వాత నెమ్మదిస్తారు. సీసాపాల చార్టు మీద పెడితే మూడు నాలుగు నెలల తర్వాత వాళ్ళు "వెనకబడినట్టు" కనిపిస్తారు. అప్పుడేమవుతుంది? "పాలు చాలడం లేదమ్మా, డబ్బా మొదలెట్టు". అంటే డబ్బా తాగిన పిల్లల కొలతతో, డబ్బా తాగని పిల్లల్ని ఫెయిల్ చేయడం! రిఫరెన్స్ డేటానే తప్పయితే మిగతా సిస్టమ్ ఎంత బాగున్నా ఏం లాభం?

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచి, 2006లో కొత్త ప్రమాణాలు ఇచ్చింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఈసారి చార్టుకి ఆధారం తల్లిపాలు తాగిన పిల్లలు. 2008లో మన అంగన్‌వాడీలు కూడా ఆ చార్టుకే మారాయి. చార్టు మారింది గానీ, నోళ్ళు మారలేదు. మన బుర్రల్లో ఇంకా ఆ పాత చార్టే నడుస్తోంది.

ఇక డబ్బా సంగతి. పాలడబ్బాలు, సీసాలు, శిశు ఆహారాల మీద మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ళలోపు పిల్లల డబ్బా ఆహారాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. పాలడబ్బా మీద తల్లీబిడ్డల బొమ్మ వేయకూడదు. కంపెనీలు వైద్య సిబ్బందికి కానుకలివ్వకూడదు, వాళ్ళ సదస్సులకి డబ్బులివ్వకూడదు. మరి మూడు నెలల నుంచి గీత ఎట్లా పోతోందని కూడా అడగకుండా, తల్లి పాలిస్తుంటే చూడకుండా, ఒక్క బరువు అంకె చూసి బ్రాండు పేరుతో సహా చీటీ రాయడాన్ని ఏమనాలి? నిజంగా అవసరమైన పిల్లలకి డబ్బా పాలు ప్రాణం నిలబెడతాయి, తల్లి లేని పిల్లలుంటారు, పాలివ్వలేని జబ్బులుంటాయి. వాళ్ళ గురించి కాదు నేను మాట్లాడేది. పచ్చగా ఆడుకుంటున్న పిల్లకి రెండు నిమిషాల్లో రాసే చీటీ గురించి.

ఆ చీటీ వల్ల జరిగే నష్టం యంత్రం పనిచేసినంత సూటిగా జరుగుతుంది. తల్లిపాలు డిమాండ్‌ని బట్టి సప్లై. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి. డబ్బాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ తాగుతుంది, పాలు తగ్గుతాయి, తగ్గాయి కాబట్టి "చెప్పలా, పాలు చాలవని!" అంటారు. మా ఇంట్లో 11 రోజుల్లో ఇది అచ్చంగా ఇట్లాగే జరిగింది.

మమ్మల్ని బయట పడేసింది ఎవరో తెలుసా? పులివెందులలో మా అక్కవాళ్ళ వీధి అంగన్‌వాడీ టీచరు. అక్క కొడుకు పుట్టినరోజుకి పోతే, మాటల్లో పడి ఆమె మా టీకాల కార్డు అడిగింది. పెన్ను తీసుకుని గులాబీ రంగు చార్టు మీద మా అంకెలన్నీ చుక్కలు పెట్టి కలిపింది. గీత ఎక్కడా ఆకుపచ్చ పట్టీ దాటలేదు. పైకి పోయి, మెల్లగా వంగి, హాయిగా పోతోంది. "చుక్కను కాదన్నా చూసేది, గీతను. ఇంత బాగా పెరుగుతాండే బిడ్డకు డబ్బా ఎవురు పట్టమన్యారు?" అంది. పాప రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తుందో అడిగింది. ఆరేడు సార్లు అంటే "మల్ల ఇంకేం?" అని నవ్వింది. నెలకి లక్షన్నర తీసుకునే నేను, నాలుగు నెలలు ఎక్సెల్ ముందు కూర్చుని చూడలేనిది ఆమె రెండు నిమిషాల్లో చూసింది. డబ్బా ఆపి, అడిగినప్పుడల్లా పాలిస్తే, పాలు మళ్ళీ పూర్తిగా కుదుటపడటానికి మూడు వారాలు పట్టింది.

"మరి లావు పిల్లలు పెద్దయ్యాక లావవుతారట కదా, షుగర్ వస్తుందట కదా" అంటారేమో. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు, ఒప్పుకుంటా. కానీ లెక్క పూర్తిగా చూడండి. 2009లో ఐదు యూరప్ దేశాల్లో చేసిన పరీక్షలో ఎక్కువ ప్రోటీన్ ఉన్న డబ్బా పాలు తాగిన పిల్లలు రెండేళ్ళకి ఎక్కువ బరువు తేలారు. అంటే బిడ్డ బరువు చూసి బెంగపడేవాళ్ళు పట్టించుకోవాల్సింది డబ్బానే గానీ రొమ్ముని కాదు. ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ముప్పై ఏళ్ళకే షుగర్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పసితనంలో బొద్దుగా ఉన్నవాళ్ళు కాదు. రెండేళ్ళదాకా సన్నగా ఉండి, ఆ తర్వాత ఆగకుండా ఒళ్ళు చేసినవాళ్ళు. ఇంతకీ ముప్పై ఏళ్ళకి షుగర్ ఎవరికొస్తోంది? కుర్చీలో పది గంటలు కూర్చుని, రాత్రి పన్నెండింటికి బిర్యానీ తెప్పించుకునే మనకి. పాలు తాగే పాపని వదిలేసి మన నడుము కొలుచుకుంటే పుణ్యం :-)

నీళ్ళ మాట కూడా చెప్పేస్తా. కడప ఎండలు మీకు చెప్పక్కర్లేదు. "గొంతు ఎండిపోతుంది, రెండు చుక్కలు నీళ్ళు పట్టండప్పా" అని ప్రతి ఒక్కళ్ళూ అంటారు. తల్లిపాలలో వందకి 88 పాళ్ళు నీళ్ళే. ఆరు నెలలదాకా ఎంత ఎండలోనైనా వేరే నీళ్ళు అక్కర్లేదు. తేనె నాకించడం ఏడాదిలోపు అసలే వద్దు, ప్రమాదం.

అసలు భయపడాల్సింది ఆరు నెలల తర్వాత. కానీ అప్పుడు ఎవరూ భయపడరు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది వందకి 11 మందికే. ఐదేళ్ళలోపు పిల్లల్లో వందకి 35 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. బరువు బరువు అని గోల చేసే మనం, పళ్ళెంలో ఏముందో చూడం. పప్పు పైన తేరిన నీళ్ళు, పల్చటి రాగి జావ పోసి "తింటాంది" అనుకుంటాం. పొట్ట నిండుతుంది, బలం రాదు. పప్పునీళ్ళు కాదు నాయనా, పప్పు పెట్టు. మెత్తటి అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు, ఆకుకూర మెదిపి, చెంచా మీద నిలబడేంత గట్టిగా. పుట్టుకతో వచ్చిన ఇనుము ఆరు నెలలకి అడుగంటుతుంది, అది పప్పునీళ్ళతో పూడేది కాదు.

పొడి ఆహారం డబ్బాల మీద కూడా కన్నేసి ఉంచండి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కి చెందిన పబ్లిక్ ఐ సంస్థ, ఐబీఫాన్‌తో కలిసి ఒక నివేదిక ఇచ్చింది. ఇండియాలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కోసారి పెట్టే పరిమాణానికి సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలిపి ఉందని, స్విట్జర్లాండ్‌లో అమ్మే అదే రకంలో కలిపిన చక్కెర లేదని తేల్చింది. మేం భారత నిబంధనల ప్రకారమే చేస్తున్నాం, చక్కెర తగ్గిస్తూ వస్తున్నాం అని కంపెనీ చెప్పింది. సరే. నేనడిగేది ఒక్కటే: స్విస్ పాపకి అక్కర్లేని చక్కెర ప్రొద్దుటూరు పాపకి ఎందుకు?

చివరిగా, మనం. ఐటీ మగాళ్ళం. 2017 చట్ట సవరణతో తల్లికి 26 వారాల సెలవు వచ్చింది, సరిగ్గా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మన వంతు ఏంటి? గ్రాఫులు గీయడం, తల్లి ముందు రివ్యూ మీటింగ్ పెట్టడం. పాప నిద్ర లేస్తే ఎత్తుకునేది ఎవరు, బట్టలు ఉతికేది ఎవరు, వేళకి ఆమెకి అన్నం పెట్టేది ఎవరు? ఇంట్లో వాడే త్రాసు మీద పాలు తాగకముందు, తాగాక, గుడ్డలతో, గుడ్డలు లేకుండా తూచి చూడండి, 200 గ్రాములు అటూ ఇటూ అవుతుంది. రోజూ తూచేది పాప బరువు కాదు, నాయిస్. దాని మీద అలర్ట్ పెట్టుకుంటే నిద్ర పోయేది ఆన్‌కాల్‌లో ఉన్న తల్లికే.

నెలకోసారి ఒకే త్రాసు మీద తూచండి. కార్డు మీద చుక్క పెట్టండి. గీత కిందికి పడి పట్టీలు దాటుతుంటే, ఉచ్చ తగ్గితే, పిల్ల నీరసంగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోండి, ఆయన పని అదే. అవేమీ లేకపోతే నోరు మూసుకుని అంట్లు తోమండి.

మా పాప ఇప్పుడు తొమ్మిదో నెలలో 8.6 కిలోలు. నిన్న గిన్నెలో పప్పన్నం సగం తిని మిగతా సగం నా ల్యాప్‌టాప్ మీద పోసింది. ఆ ఎక్సెల్ ఫైలు అందులోనే ఉండేది. బ్యాకప్ లేదు. బాధా లేదు.