చెక్ ఇంజన్ లైటు వెలిగితే... ముందు జేబు కాదు, బానెట్ తెరవండి!

మొన్న మార్చిలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కార్లో చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కేటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలంటే 1,900 డాలర్లవుతుందని షాపువాడు అంటున్నాడు. నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అయిపోతోంది. క్రెడిట్ కార్డు గీకేయమంటావా?"

వాడు ఎమ్మెస్ అయిపోయి, ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కారు అమ్మినా నాలుగు వేలు రాదు. "కన్వర్టర్ పోయిందని ఎలా తేల్చాడురా?" అంటే, "పి0420 కోడ్ వచ్చిందట" అన్నాడు. ఇంకేం పరీక్ష చేశాడు? ఏమీ లేదు. కోడ్ చదివాడు, బిల్లు రాశాడు, అంతే!

ఇది మా వాడొక్కడి కథ కాదు. ఈ దేశానికి కొత్తగా వచ్చి పాత కారు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామంది కథ.

కోడ్ అసలు ఏం చెబుతుంది?

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ ఓబీడీ-2 ఉండి తీరాలన్నది నియమం. పొగ గొట్టంలో కన్వర్టర్‌కి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనక ఒకటి ఉంటాయి. ముందున్నది పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెబుతుంటే, కంప్యూటర్ దాన్నిబట్టి పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అందుకే దాని వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ ఉంటుంది. (చాలా కొత్త కార్లలో ముందు ఉండేది వేరే రకం సెన్సర్, దాని అంకెలు వేరు.) కన్వర్టర్ బాగుంటే ఆ ఊపంతా తనలో ఇముడ్చుకుంటుంది కాబట్టి వెనక సెన్సర్ గీత ఇంచుమించు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ఊగడం మొదలుపెడితే కంప్యూటర్ పి0420 రాసేస్తుంది.

అంటే కంప్యూటర్ చెప్పింది "నాకు ఇలా కనబడింది" అని మాత్రమే. "కన్వర్టర్ మార్చు" అని కాదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్త కాదు. ప్రోగ్రామ్ క్రాష్ అయిన లైను దగ్గరే బగ్ ఉండాలని ఎక్కడా లేదు కదా!

ఈ పాఠం నేనూ డబ్బు కట్టే నేర్చుకున్నాను. చదువుకునే రోజుల్లో నా కారుకి పి0171 వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. ఎవరో చెప్పారని ఆక్సిజన్ సెన్సర్ మార్చేశాను. పది రోజులకి లైటు మళ్ళీ వెలిగింది. అసలు దొంగ పగిలిపోయిన వాక్యూమ్ గొట్టం. పాపం ఆ సెన్సర్ నిజమే చెప్పింది. నేనే దాన్ని పీకి పారేశాను.

డ్రైవ్‌వేలో ఒక శనివారం

మా వాణ్ణి కారు తీసుకుని రమ్మన్నాను. గరాజ్ తలుపు మూసి ఇంజన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కాబట్టి పని బయటే పెట్టుకున్నాం. ఇరవై డాలర్ల బ్లూటూత్ రీడర్ తగిలించి ఫోనులో చూశాం.

ముందు మిగతా కోడ్‌లు వెతికాం. పి0300 లాంటి మిస్‌ఫైర్ కోడ్ ఉంటే ముందు దాని సంగతి చూడాలి, ఎందుకంటే కాలని పెట్రోలు కొత్త కన్వర్టర్‌ని కూడా పాడుచేస్తుంది. పి0135 ఉంటే అది సెన్సర్ హీటర్ సర్క్యూట్ గొడవ. సెన్సర్ కొనే ముందు ఫ్యూజు, వైర్లు చూసుకోవాలి. మా వాడికి ఇవేవీ లేవు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కింద టిక్ టిక్‌మని చప్పుడు. వేడెక్కాక తగ్గిపోయింది. ఎక్కడో పొగ లీకవుతోందన్న మాట. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, కారుని జాక్ స్టాండ్‌ల మీద నిలబెట్టాం (జాక్‌ని మాత్రమే నమ్ముకుని కారు కిందకి దూరకండి). షాప్ వాక్యూమ్‌ని తిరగేసి వెనక గొట్టంలోకి గాలి ఊదుతూ, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు కొట్టాం. కన్వర్టర్‌కీ వెనక సెన్సర్‌కీ మధ్య జాయింటు దగ్గర బుడగలే బుడగలు! గాస్కెట్ తుప్పుపట్టి పోయింది. పొగ బయటకి పోవడమే కాదు, బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్‌ని తికమక పెడుతోంది.

గాస్కెట్, బోల్టులు కలిపి 31 డాలర్లు. తుప్పు బోల్టులు ఊడదీయడానికి మాత్రం మూడు గంటలు పట్టింది.

కోడ్ చెరిపేస్తే పోలా?

అక్కడే చాలామంది బోల్తా పడతారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది. కోడ్ చెరిపితే కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడళ్ళకి ఒక్క మానిటర్ కంటే ఎక్కువ 'సిద్ధంగా లేదు' అంటే టెస్ట్ చెల్లదు. మా వాడు వారం రోజులు మామూలుగా నడిపి, మానిటర్లు సిద్ధమయ్యాక వెళ్ళాడు. పాసయ్యాడు. లైటు మళ్ళీ వెలగలేదు.

నిజంగా కన్వర్టరే పోయిందనుకోండి, ముందు కారు వయసు చూసుకోండి. ఫెడరల్ నియమాల ప్రకారం కన్వర్టర్‌కి 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళు, ఏది ముందైతే అది, వారంటీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా అది వర్తిస్తుంది. కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టడం, సెన్సర్‌ని మాయచేసే స్పేసర్లు బిగించడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నేరం.

ఈ పోర్టు రేపు కూడా మనదేనా?

మేము ఆ శనివారం చేసిందంతా ఒక్క పోర్టు అందరికీ తెరిచి ఉండబట్టే. ఇప్పుడు కార్లు ఆ సమాచారాన్ని గాలిలోంచి నేరుగా కంపెనీకి పంపుతున్నాయి. అసలు తగువు ఇక్కడే.

2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేరు హక్కుకి ఓటేశారు. 2014లో కార్ల కంపెనీలు దేశమంతా అదే పద్ధతి పాటిస్తామని ఒప్పుకున్నాయి. అయితే వైర్‌లెస్ సమాచారం ఆ ఒప్పందంలో లేదు. దానికోసం 2020లో మసాచుసెట్స్‌లో మళ్ళీ ఓటింగ్ పెడితే, నలుగురిలో ముగ్గురు సరేనన్నారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ దావాని కొట్టేసింది. ఈలోగా 2023లో మెయిన్ రాష్ట్రం కూడా అదే బాట పట్టింది. 2025లో రిపేర్ యాక్ట్ అనే బిల్లు మళ్ళీ కాంగ్రెస్ ముందుకొచ్చింది.

హ్యాకర్ల భయం ఉందని కంపెనీలు అనడంలో అర్థం లేకపోలేదు. బ్రేకులదాకా వెళ్ళే దారి ఎవరికి పడితే వాళ్ళకి తెరవకూడదు. కానీ చదవడం వేరు, మార్చడం వేరు. రీడ్ పర్మిషన్, రైట్ పర్మిషన్ విడదీయడం మన వృత్తిలో రోజూ చేసే పనే. నా కారు గురించి నా కారే రాసిన లాగ్ చదువుకోవడానికి నేను ఇంకొకరిని దేబిరించాలా?

సిటిజన్‌షిప్ ఉన్న మిత్రులు మీ రిప్రజెంటేటివ్‌కి ఒక ఉత్తరం రాయండి. ఓటు లేనివాళ్ళం కనీసం ఒక రీడర్ కొని కారులో పడేసుకుందాం. షాపులో వేలల్లో బిల్లు చెబితే, "కోడ్ సరే, ఏ టెస్ట్ చేసి తేల్చారు?" అని ఒక్క ప్రశ్న అడుగుదాం.

మా బావమరిదికి ఉద్యోగం ఇంకా రాలేదు. రూమ్మేట్ల కార్లకి మాత్రం కోడ్‌లు చదివి పెడుతున్నాడట. ఫీజు, ఒక పూట బిర్యానీ.