పాత పికప్పుకు ఆటోమేటిక్ గేరుబాక్సు ఎవరి కోసం?

పాత డీజిల్ పికప్పు గేరుబాక్సు పోయిందంటే చాలు, "దీన్ని తీసేసి వేరే బండిది వేసేద్దాం" అనేస్తారు షెడ్డులో. క్లచ్ తొక్కే బాధ ఉండదు, ఏకంగా ఆటోమేటిక్ వేయించుకోమనే వాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఇలా మార్చుకునేవారు చాలామందే. అక్కడ ఆ బాక్సులు, విడిభాగాలు, పని తెలిసిన షెడ్లు దొరుకుతాయి. మదనపల్లె మార్కెట్‌కు టమోటా క్రేట్లు తోలే రెండెకరాల రైతుకు మాత్రం ఇది పనికొచ్చే సలహా కాదు.

పాత డీజిల్ ఇంజను తక్కువ చుట్లలోనే బలం చూపుతుంది. పెట్రోలు బండి ఆటోమేటిక్ బాక్సేమో ఎక్కువ చుట్ల దగ్గర గేరు మారేలా అమర్చి ఉంటుంది. రెండూ కలిపితే మారాల్సిన చోట గేరు మారదు. ఇంజనుకు, బాక్సుకు బోల్టులు కలవవు, మధ్యలో ప్లేటు చేయించాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కోయించాలి. లోడుతో ఎగువ ఎక్కేటప్పుడు బాక్సులో ఆయిలు కాగిపోతుంది కాబట్టి దానికో కూలర్ పెట్టాలి.

ఇవన్నీ డబ్బు పెడితే అయ్యే పనులే అనుకుందాం. తెల్లవారుజామున చేను దగ్గర బ్యాటరీ పడిపోతే? ఇప్పుడైతే నలుగురూ కలిసి తోస్తే బండి స్టార్టవుతుంది. దాదాపు ఏ ఆటోమేటిక్ బండీ అలా స్టార్టు కాదు. వెనక చక్రాలు నేల మీద ఉంచి దూరం లాక్కుపోతే బాక్సే పాడవుతుంది. ఆ పూట కోసిన కాయకు వేలం దాటిపోతే నష్టం షెడ్డువాళ్లు కట్టరు గదా!

నాలుగు గేర్లది తీసి అయిదు గేర్లది వేయడంలో కొంత అర్థముంది. అయిదో గేరు నిష్పత్తి 0.8 అయితే, 2500 చుట్లతో వెళ్లే వేగాన్ని ఇంజను 2000 చుట్లతోనే అందుకుంటుంది. అయితే ఆ లాభం హైవే మీద ఖాళీ బండికే. లోడు బండికి కావలసింది మొదటి గేరు బలం. ఆ నిష్పత్తి పాతదానికంటే తగ్గితే ఎత్తు ఎక్కేచోట క్లచ్ ప్లేటు కాలిపోతుంది. ఆ అంకె అడక్కుండా అడ్వాన్సు ఇవ్వకండి.

అసలు ముందు పాత బాక్సు మీ ఎదుటే విప్పించండి. గేరు పళ్లు బాగుంటే బేరింగులు, సింక్రో రింగులు, సీళ్లు మార్చి మళ్లీ బిగించవచ్చు. మార్చక తప్పదంటే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వారి దగ్గర ముందే కాగితం మీద అడగండి. ఆర్.సి.లోని వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. తీసిన బాక్సును మాత్రం షెడ్డులో వదిలి రాకండి. తుక్కు లెక్కన చూసినా దానికి ధర ఉంది.