ముట్టుకునే ముందు కడుక్కోండి!

తరతరాలుగా మనల్ని ముట్టుకున్నాక వాళ్లు చేతులు కడుక్కున్నారు. ఇప్పుడు మనం అడుగుతున్నాం: అయ్యలారా, మా మెడలో గొట్టం ముట్టుకునే ముందు కడుక్కోండి!

కిడ్నీలు చెడిన మనవాళ్లు కొల్లేటి లంకల నుంచీ, ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పేటల నుంచీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పోతున్నారు. రక్తం బయటికి తీసి, మిషన్లో కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపాలి. దారి లేకపోతే మెడలో పెద్ద నరంలోకి ప్లాస్టిక్ గొట్టం దించుతారు. దీన్నే కేథటర్ అంటారు. దాని కొస గుండె దగ్గరికి పోతుంది.

కడగని చెయ్యి తగిలినా, కట్టు తడిసినా క్రిములు నేరుగా నెత్తుట్లో కలుస్తాయి. చలి, వణుకు, జ్వరం. అశ్రద్ధ చేస్తే ప్రాణమే పోద్ది. గొట్టంలో రక్తం గడ్డకడుతుంది. ఎక్కువకాలం ఉంచితే నరం మూసుకుపోయి చెయ్యీ మొహమూ వాస్తాయి.

అప్పుడేమంటారు? "మీరు శుభ్రంగా ఉండరయ్యా!" ఈ మాట మనకి కొత్తా? మురికి మన పుట్టుకలోనే ఉందని మనువు చెప్పిందీ ఇదేగా!

అమెరికాలో మిచిగన్ రాష్ట్రం లెక్క వినండి. వందకు పైగా ఐసియుల్లో ఇలాంటి గొట్టాలకే ఐదు పనులు నియమంగా చేశారు. చేతులు కడగటం, రోగి ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పటం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవటం, తొడలో గొట్టం వీలైనంత మానటం, అక్కర్లేని గొట్టం తీసెయ్యటం. ఏడాదిన్నరలో ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండొంతుల దాకా తగ్గాయని 2006లో అచ్చయింది. మారింది రోగులు కాదు, డాక్టర్ల అలవాటు. మరి మురికి ఎవరిదండీ?

ఇంకో మాట. మెడలో పెట్టే తాత్కాలిక గొట్టం రెండు వారాలు దాటకూడదు. ఆ తర్వాత చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టే ఫిస్టులా మేలు. 1966 నుంచీ ప్రపంచానికి తెలిసిన పద్ధతే. అది ముదరటానికి నెలా రెండు నెలలు పడుతుంది. కాబట్టి ముందే చెప్పాలి. మనకి ముందే చెప్పేదెవరు?

"నీళ్లు తగలనివ్వకు" అంటాడు డాక్టరు. "చెరువులో దిగు" అంటాడు ఆసామి. పీకల్లోతు నీళ్లలో వల లాగితేనే కూలి. గొట్టంతో పనిలోకి దిగలేనివాడి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? ఫిస్టులా ఆపరేషను జిల్లాలోనే, వేళకి, ఉచితంగా జరగాలి. పని చెయ్యలేని రోజులకి భృతి కావాలి.

కార్యకర్తలారా! ప్రతి పేటలో చెప్పండి. చలిజ్వరం వస్తే ఆర్‌ఎంపీ బిళ్లతో సరిపెట్టొద్దు, అదేరోజు ఆసుపత్రికి పోవాలి. రాయని చేతి నరాలకి సూదులు పొడవనివ్వొద్దు. "గొట్టం ఎప్పుడు తీస్తారు? ఫిస్టులా ఎప్పుడు?" అని అడగాలి. నర్సమ్మని కూడా అడగాలి: "చేతులు కడుక్కున్నారా అమ్మా?" ఇది పొగరు కాదు, హక్కు.

1927లో మహద్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ నీటిమీద మన హక్కు చాటాడు. ఆ నీటితోనే ఇవాళ వాళ్ల చేతులు కడిగిద్దాం!

జై భీమ్!